కావన్ బ్రిడ్జ్ బడి: జేన్ ఐర్ చదివిన బోర్డింగ్ నిజంగా ఉందా?

పాతపుస్తకాలపిచ్చి | శుక్రవారం రాత్రి 10:12

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, ఇంగ్లిష్ లిటరేచర్. సిలబస్‌లో షార్లెట్ బ్రాంటీ రాసిన జేన్ ఐర్ నవల ఉంది. "అమ్మా, నువ్వు చదివి నాకు కథ చెప్పు, నాకు టైం లేదు" అంది. ఈ కాలం చదువులు ఇవి. సరే అని బ్యాంకు నుంచి వచ్చాక రోజుకో ముప్ఫై పేజీలు చదువుతూ వచ్చాను.

అందరూ దాన్ని ప్రేమకథ అంటారు. నేను మాత్రం మొదటి పది అధ్యాయాల దగ్గరే ఉండిపోయాను. తల్లీ తండ్రీ లేని పదేళ్ల పిల్ల. మేనమామ పోయాక అత్త పంచన పడి ఉంటుంది. ఆవిడ పీడ వదిలించుకోవడానికి భక్తి పేరుతో నడిచే ఒక బోర్డింగ్‌లో పడేస్తుంది. అక్కడ నోట పెట్టలేని మాడు జావ. పొద్దున మొహం కడుక్కుందామంటే గడ్డకట్టిన నీళ్లు. ఒకరోజు బడి పెద్ద వచ్చి పిల్లని ఎత్తు బల్ల మీద నిలబెట్టించి, ఇది అబద్ధాలకోరు, దీనితో ఎవరూ మాట్లాడొద్దు అంటాడు. ఆ పూట ఏదో పని ఉన్నట్టు అటుగా నడిచి వెళ్తూ ఒక్క నవ్వు నవ్వి పోయే పిల్ల పేరు హెలెన్. చివరికి ఆ హెలెన్ క్షయతో పోయే రాత్రి జేన్ చాటుగా వెళ్లి ఆమె పక్కలో పడుకుంటుంది. తెల్లారేసరికి ఆ మంచం మీద ఇద్దరిలో ఒక్కతే బతికి ఉంటుంది.

ఇది చెప్తే మా అమ్మాయి, "ఏడిపించడానికి రాశారులే అమ్మా, దేవుడి పేరు మీద నడిపే బడిలో ఇంత ఘోరం ఎవరు జరగనిస్తారు" అంది. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, అలాంటి బడి ఉండేదా?

లీడ్స్_నర్సు | శుక్రవారం రాత్రి 11:50

ఉండేదండీ. నేను వెళ్లి చూశాను. లీడ్స్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి నుంచి కెండల్ వైపు ఏ65 రోడ్డు పోతుంది. ఆ దారిలోనే కావన్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరు, లాంకషైర్‌లో. వాగు పక్కన, వంతెనని ఆనుకుని ఒక వరస ఇళ్లు. అందులో కొంత భాగం ఆ పాత బడిదే. గోడకి బ్రాంటీ అక్కచెల్లెళ్లు ఇక్కడ చదివారని పలక ఉంది. కారు ఆపకపోతే తెలియదు కూడా. మా ఆయన రెండుసార్లు దాటేశాడు.

నవలలో అది లోవుడ్. నిజంలో దాని పేరు క్లర్జీ డాటర్స్ స్కూల్, అంటే పాస్టర్ల కూతుళ్ల బడి. 1824 జనవరిలో విలియం కారస్ విల్సన్ అనే పాస్టరు పెట్టాడు. జీతం చాలక ఆడపిల్లల్ని చదివించలేని పాస్టర్ల కోసం. తిండి, బట్ట, చదువు అన్నీ కలిపి ఏడాదికి 14 పౌన్లు. మిగతాది చందాలతో నడిపేవారు.

హావర్త్ ఊరి పాస్టరు ప్యాట్రిక్ బ్రాంటీకి ఆరుగురు పిల్లలు. భార్య 1821లో పోయింది. 1824 జులైలో పెద్దపిల్లలు మరియా, ఎలిజబెత్‌లని ఆ బడిలో చేర్చాడు. ఇద్దరూ అప్పుడప్పుడే తట్టు, కోరింతదగ్గు నుంచి లేచినవాళ్లు. ఆగస్టులో షార్లెట్, ఎనిమిదేళ్లు. నవంబరులో ఎమిలీ, ఆరేళ్లు.

మరియాకి జబ్బు చేస్తే 1825 ఫిబ్రవరిలో ఇంటికి తీసుకెళ్లారు. మే 6న పోయింది, పదకొండేళ్లు. మే నెలాఖరున ఎలిజబెత్‌ని పంపేశారు. తండ్రి ఆ పిల్లని చూసి మర్నాడే వెళ్లి షార్లెట్‌నీ ఎమిలీనీ తెచ్చేసుకున్నాడు. జూన్ 15న ఎలిజబెత్ కూడా పోయింది, పదేళ్లు.

మీ అమ్మాయికి చెప్పండి, ఏడిపించడానికి రాసింది కాదని.

రావు_విశ్రాంత_లెక్చరర్ | శనివారం ఉదయం 6:20

నర్సమ్మగారు తేదీలన్నీ సరిగ్గా చెప్పారు. ముప్ఫై ఏళ్లు ఈ నవల పాఠం చెప్పినవాణ్ణి కనుక రెండు మాటలు కలుపుతాను.

హెలెన్ అంటే పెద్దక్క మరియానే. ఆ పాత్ర మరీ మంచిదిగా ఉంది, నమ్మేలా లేదు అని అప్పుడే కొందరు అన్నారు. షార్లెట్ తన ప్రచురణకర్తల దగ్గర పనిచేసే ఆయనకి 1847 అక్టోబరులో ఉత్తరం రాస్తూ, హెలెన్ నిజంగా ఉన్న మనిషేననీ, అక్కడ తాను ఏదీ పెంచి రాయలేదనీ చెప్పింది. పైగా నమ్మరని భయపడి కొన్ని వదిలేశానంది.

ఆ వదిలేసినవాటిలాంటిదే ఒకటి వేరే దారిలో బయటకొచ్చింది. షార్లెట్ పోయాక ఆమె స్నేహితురాలు, నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ ఆమె జీవిత చరిత్ర రాసింది, 1857లో. ఆ బడిలోనే చదివిన ఇంకొకామె చెప్పిన సంగతి అందులో ఉంది. మరియాకి ఛాతీ జబ్బు అని డొక్క మీద పొక్కులు లేపే మందు పట్టీ వేశారు. అది ఇంకా పచ్చి పుండు. పొద్దున బెల్లు కొట్టారు. లేవలేనంది. పక్కవాళ్లు పడుకో, మేం చెప్తాం అన్నారు. కానీ టీచరుకి భయపడి, చలిలో వణుకుతూ, మంచం మీదే కూర్చుని మేజోళ్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది. ఇంతలో ఆ టీచరు వచ్చి, సరిగ్గా ఆ పట్టీ వేసిన వైపు చెయ్యి పట్టుకుని గదిమధ్యకి విసిరేసి, మురికి అలవాట్లు అని తిట్టింది. మరియా ఒక్క మాట అనలేదు. కోపంతో ఊగిపోతున్న తోటిపిల్లల్నే ఊరుకోండని బతిమాలింది. మెల్లగా మెట్లు దిగి వెళ్లింది. ఆలస్యమైందని మళ్లీ శిక్ష.

పాఠం చెప్పేటప్పుడు ఇక్కడ నాకు గొంతు పట్టేసేది. పిల్లలు నీళ్లు తాగండి సార్ అనేవారు.

ఇంకొకటి గమనించండి. షార్లెట్‌కి తల్లి లేదు గానీ తండ్రి ఉన్నాడు. కబురు అందగానే వచ్చి తీసుకెళ్లాడు. నవల దగ్గరికి వచ్చేసరికి జేన్‌కి ఆ తండ్రిని కూడా లేకుండా చేసింది. ఎవరూ రారు. ఎనిమిదేళ్లు అక్కడే ఉండాలి. ఇక అక్కని తెచ్చి స్నేహితురాలిని చేసింది. రక్తసంబంధం ఉంటే ప్రేమించడంలో వింతేముంది? ఏమీ కాని పిల్ల రొట్టె తెచ్చి ఇచ్చిందంటేనే కదా మనం తలెత్తి చూస్తాం.

మిషన్_బోర్డింగ్_78 | శనివారం మధ్యాహ్నం 1:05

అందరూ ఒక పక్కే మాట్లాడుతున్నారు, కాస్త రెండో పక్క కూడా.

నేను గుంటూరు వైపు ఒక మిషన్ బోర్డింగ్‌లో ఆరేళ్లు ఉన్నాను. నాకూ నాన్న లేడు. అమ్మ మిరప కోతలకి పోయేది. ఆ బోర్డింగ్ లేకపోతే ఈ రోజు ఇంజనీరుగా రిటైరయ్యే యోగం లేదు. దెబ్బలు తిన్నాం. ఎవరు తినలేదు ఆ రోజుల్లో? ఇంటి దగ్గర ఉన్నవాడు నాన్న చేతిలో తిన్నాడు, మేం వార్డెన్ చేతిలో తిన్నాం.

ఆ విల్సన్ అనే ఆయన సంగతి కూడా చూడండి. 14 పౌన్లకి ఎవడు పెడతాడు అన్నీ? మిగతాది ఊరూరా అడుక్కుని తెచ్చాడు. ఆడపిల్లలకి చదువొస్తే పంతులమ్మలై వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడతారని ఆలోచించిన మనిషి, 1824లో! బడి మూతపడలేదు కూడా. 1833లో కాస్టర్టన్‌కి మారి బాగానే నడిచింది. గాస్కెల్ పుస్తకం వచ్చాక విల్సన్ వాళ్లు కోర్టుకి పోతామన్నారు, తర్వాతి కూర్పులో ఆవిడ ఆ భాగాలు మార్చుకుంది. ఆయన అల్లుడు పేపర్లో రాశాడు, షార్లెట్ భర్త జవాబు రాశాడు, పెద్ద గొడవ. ఎనిమిదేళ్ల పిల్ల పది నెలలు ఉండి, ఇరవై ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది వేదవాక్కు ఎలా అవుతుంది?

ఒంగోలు_గోంగూర | శనివారం రాత్రి 9:33

ఈ దారం రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకూడదనుకున్నాను. పై పోస్టు చూశాక ఆగలేకపోయాను. అన్నా, మీ మీద కోపం కాదు.

ఎనిమిదేళ్ల పిల్లకి ఏం గుర్తుంటుంది అన్నారు. నాకు ఏడేళ్లు అప్పుడు. ఏం గుర్తుందో చెప్తాను.

అమ్మ తమ్ముడి కాన్పులో పోయింది, తమ్ముడూ దక్కలేదు. నాన్నని పొలంలో పాము కరిచింది. అమ్మమ్మ నన్ను ఒక రేకు పెట్టె, సత్తు కంచం, ఒక దుప్పటితో ఒక బోర్డింగ్‌లో దింపింది. ఏ ఊరో ఏ బోర్డింగో చెప్పను. గేటు దగ్గర, ఆదివారం జామకాయలు తెస్తానంది. ఆ ఆదివారం నుంచి నేను గేటుకేసే చూశాను. వానాకాలం వెళ్లాక వచ్చింది పాపం, బస్సు డబ్బులు లేక.

పొద్దున నాలుగున్నరకి ప్రేయర్ బెల్లు. తర్వాత వాకిళ్లు ఊడ్వాలి, నీళ్లు మోయాలి. ఉదయం అమెరికా గోధుమ నూకతో చేసిన ఉప్మా. పురుగులు ఏరి గట్టు మీద పెట్టి తినేవాళ్లం. ఎవరి గట్టు మీద ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుని నవ్వుకునేవాళ్లం కూడా, అబద్ధం ఎందుకు. రాత్రి అన్నానికి ముందు కంఠస్థ వాక్యం చెప్పాలి. తప్పితే కంచం బోర్లించి గోడ దగ్గర నిలబడాలి. పేలు పడ్డాయని ఏడాదికి రెండుసార్లు అందరికీ గుండు. నవలలో పిల్లల జుట్టు కత్తిరించమనే చోట నేను పుస్తకం మూసేశాను.

నేను పక్క తడిపేదాన్ని. పదేళ్లు వచ్చేవరకూ. తడిపినవాళ్లు ఆ దుప్పటి నెత్తిన వేసుకుని ప్రేయర్‌కి రావాలి. వాసన. వెనక వరసలో పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు, పాట పాడుతూనే.

నా పక్క చాప పిల్ల నాకంటే ఏడాదిన్నర పెద్దది. దానికి అమ్మ ఉండేది గానీ మారుమనువు చేసుకుని వెళ్లిపోయింది, అంటే లేనట్టే. ఒకరోజు తెల్లవారుజామున ఎవరో నా చాప లాగుతున్నట్టు అనిపించి లేచాను. అది నా తడి దుప్పటి తీసేసుకుని దాని పొడి దుప్పటి నామీద కప్పుతోంది. ఆ రోజు తడి దుప్పటి నెత్తిన పెట్టుకుని ప్రేయర్‌కి వెళ్లింది అదీ. మర్నాడు నేను, ఆ మర్నాడు అది. వంతులు వేసింది. "రోజూ నువ్వే అయితే నీకే జబ్బు అనుకుంటారు, ఇద్దరమైతే చాపల్లో చెమ్మ అనుకుంటారు" అంది. తొమ్మిదేళ్ల పిల్ల బుర్ర అది!

రావు సార్, మీరు హెలెన్ ఓర్పు గురించి చెప్పారు. మా దాంట్లో ఓర్చుకునేది నేను. అది ఓర్చుకోలేదు. ఒకసారి సత్తు కంచం విసిరితే మేట్రన్ చెవి పక్కనుంచి పోయింది. మూడు రోజులు సామాన్ల కొట్లో పెట్టారు. నేను తలుపు కింద సందులోంచి రొట్టెముక్క తోశాను. దానికి పదమూడేళ్లు రాగానే మేనమామ వచ్చి పెళ్లి అని తీసుకెళ్లిపోయాడు. ఆ రోజు నేను క్లాసులో ఉన్నాను. వచ్చేసరికి పెట్టె లేదు. చాప మాత్రం చుట్టి నా చాప మీద పెట్టి వెళ్లింది. చనిపోలేదు కాబట్టి ఏడవాలో వద్దో కూడా తెలియలేదు.

ముప్ఫై తొమ్మిదేళ్లయింది. ఇదంతా వేదవాక్కు అని నేను అనను. కానీ ఆ దుప్పటి వాసన నేను పెంచి చెప్పలేదు.

లీడ్స్_నర్సు | శనివారం రాత్రి 10:15

అక్కా, ఇక్కడ డ్యూటీలో ఉండి చదివాను. ఇంతకంటే ఏమీ రాయలేను.

పల్లె_డాక్టరు | ఆదివారం ఉదయం 8:40

వైద్యం మాట ఒకటి చెప్తే చర్చకి పనికొస్తుందేమో.

నవలలో రెండు జబ్బులున్నాయి, చాలామంది కలిపేస్తారు. బడి మొత్తాన్ని పడేసింది టైఫస్ జ్వరం. కావన్ బ్రిడ్జ్‌లో కూడా 1825లో అలాంటి జ్వరమే వచ్చింది, నలభై మంది దాకా పిల్లలు పడకేశారని గాస్కెల్ రాసింది. టైఫస్ బట్టల్లో ఉండే ఒంటి పేల వల్ల పాకుతుంది. ఆ సంగతి 1909లో ఫ్రెంచ్ డాక్టరు చార్ల్స్ నికోల్ కనిపెట్టేవరకూ ఎవరికీ తెలియదు. చెడు గాలి, చెమ్మ అనుకునేవారు. తల పేలు వేరే రకమే అయినా, ఒంగోలు అక్కయ్యగారి బోర్డింగ్‌లో గుండు కొట్టించారంటే దానికి కొంత కారణం ఉంది. కారణం ఉన్న పనిని కూడా అవమానంలా చేయొచ్చు, అది వేరే.

హెలెన్‌ది, మరియాది, ఎలిజబెత్‌ది క్షయ. దాని క్రిమిని జర్మన్ డాక్టరు రాబర్ట్ కోక్ చూపించింది 1882లో. మందు దొరికింది 1940లలో. మరియా రోజుల్లో ఉన్న వైద్యం ఏమిటంటే ఆ పొక్కుల పట్టీనే, లోపలి రోగాన్ని తోలు మీదకి లాగుతుందని. మన పల్లెల్లో కామెర్లకి వాత పెట్టినట్టే. పుండు మీద చెయ్యి పట్టి లాగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అయితే న్యాయంగా చెప్పాలి. క్షయ క్రిమి ఒంట్లో చేరినా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆ పిల్లలకి అది ఇంటి దగ్గరే అంటి ఉండొచ్చు. తట్టు, కోరింతదగ్గు వచ్చి లేచిన ఒళ్లు, చాలీచాలని తిండి, ఇరుకు పడకలు, చలి, ఇవి ఆ నిద్రపోయేదాన్ని లేపుతాయి. అందుకే బడి చంపింది అనలేను, బడికి సంబంధం లేదనీ అనలేను. మన దగ్గర మిషన్లు కలిసి మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం పెట్టినప్పుడు కూడా చేతిలో ఉన్నవి మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే. ఆ మూడూ కావన్ బ్రిడ్జ్‌లో లేవు.

ఘనాపాఠి_కానివాడు | ఆదివారం మధ్యాహ్నం 12:30

నేను వేదపాఠశాల బాపతు. తొమ్మిదేళ్లప్పుడు వేశారు, పద్నాలుగేళ్లకి పారిపోయాను. స్వరం తప్పితే తొడ మీద మెలి. ఇక్కడికీ అక్కడికీ తేడా మంత్రమేనండీ. నాకూ ఒకడు ఉండేవాడు, రాత్రి వంటింట్లోంచి పెరుగు మీగడ దొంగిలించి తెచ్చేవాడు. వాడు ఇప్పుడు పెద్ద ఘనాపాఠి. నేను మొబైల్ షాపు. కలిసినప్పుడు మీగడ మాట ఎత్తితే చుట్టూ చూసి నోరు మూయమంటాడు.

వేదిక_నిర్వాహకుడు | ఆదివారం సాయంత్రం 4:00

నాలుగు కామెంట్లు తీసేశాను. ఏ మతం బళ్లలో ఎక్కువ కొడతారో తేల్చే చోటు ఇది కాదు. ఇంకోసారి అలా రాస్తే దారం మూసేస్తాను, మంచివాళ్ల పోస్టులు కూడా పోతాయి.

రావు_విశ్రాంత_లెక్చరర్ | ఆదివారం సాయంత్రం 6:10

మిషన్ బోర్డింగ్ గారి ప్రశ్న న్యాయమైనదే కనుక వదిలేయకూడదు. గొడవ జరిగిన మాట నిజమే. ఆ బడిని మెచ్చుకున్న పాత విద్యార్థులూ ఉన్నారు. షార్లెట్ కూడా గాస్కెల్‌తో ఒకటికి రెండుసార్లు అన్నదట, చదవగానే జనం అది కావన్ బ్రిడ్జ్ అని పోల్చేస్తారని తెలిస్తే అలా రాసేదాన్ని కాదని. అయితే తాను ఉన్న రోజుల్లో అది నిజం కాదని మాత్రం అనలేదు.

ఆమె ఉత్తరంలో ఒక తమాషా ఉంది. మారుపేరుతో వచ్చిన పుస్తకం కదా, రాసింది తనేనని ఎవరికీ తెలియదు. ఒక ముసలి పాస్టరు ఆ నవల చదువుతూ, అరే, ఫలానా బడిని దించేశారే, ఫలానా ఆయన్ని కూడా, అని ఆశ్చర్యపోతుంటే ఆమె పక్కనే ఉండి విన్నది. సంతోషించింది కూడా! ఇరవై రెండేళ్లు మోసిన కోపం. ఆ మాత్రం సంతోషం ఉండనిద్దాం.

విల్సన్ దొంగ కాదు, తిండిడబ్బు మింగలేదు. నాకు భయం వేసేది అక్కడే. ఆయన పిల్లల కోసం ఒక చిన్న మాసపత్రిక నడిపేవాడు. దాన్నిండా భక్తిగా చనిపోయిన పిల్లల కథలు. పిల్ల చనిపోవడం కంటే అణకువ లేకుండా బతకడం పెద్ద ఆపద అని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. నవలలో జావ మాడిపోయిన రోజు మంచి టీచరు పిల్లలకి రొట్టె, జున్ను ఇప్పిస్తే, బడి పెద్ద ఆమెని తప్పు పడతాడు. ఆకలికి ఓర్చుకునే పుణ్యం పోగొట్టావు, ఒంటికి పెట్టి ఆత్మని మాడ్చావు అంటాడు. దొంగనైతే పట్టుకోవచ్చు. ఇలాంటివాణ్ణి ఏం చేస్తాం?

ఇక హెలెన్ ఓర్పు గురించి ఒంగోలు చెల్లెమ్మ అన్నది నాకు కొత్త. ఊరికే కొడితే తిరిగి గట్టిగా కొట్టాలి, మళ్లీ జన్మలో కొట్టకుండా, అని నవలలో జేన్ అంటుంది. ఓర్చుకోవాలని హెలెన్ అంటుంది. ముప్ఫై ఏళ్లు నేను హెలెన్ వైపు నిలబడి పాఠం చెప్పాను. అయితే రచయిత్రి హెలెన్ని పోనిచ్చి, కోపం ఉన్నదాన్ని బతికించింది. అది నేనెప్పుడూ క్లాసులో అడగలేదు.

మిషన్_బోర్డింగ్_78 | ఆదివారం రాత్రి 11:48

ఒంగోలు అమ్మా, మీ పోస్టు నిన్న రాత్రే చదివాను. జవాబు రాసి మూడుసార్లు చెరిపేశాను.

మా దగ్గర పక్క తడిపినవాళ్ల పేర్లు రాయడానికి ఒక నోటు పుస్తకం ఉండేది. ఎనిమిదో తరగతి నుంచి అది నా చేతిలో ఉండేది. నేను మానిటర్ని. టార్చిలైటు వేసి చాపలు తడిమి చూసేవాణ్ణి. అందుకు నాకు రాత్రి పూట ఒక గరిటె పప్పు ఎక్కువ. బోర్డింగ్ నన్ను మనిషిని చేసింది అంటే అందులో ఆ పప్పు కూడా ఉంది.

బోర్డింగ్ మీద నేను చెప్పినది వెనక్కి తీసుకోను. అమ్మ ఒక్కతే అయితే నన్ను చదివించలేకపోయేది. ఇదీ నిజం, అదీ నిజం.

ఒంగోలు_గోంగూర | సోమవారం ఉదయం 5:15

మా దగ్గరా పుస్తకం ఉండేది అన్నా. రాసే అక్క పేరు కూడా గుర్తుంది.

ఒకటి అడుగుతాను. ఎప్పుడైనా ఒక పేరు రాయకుండా వదిలేశారా?

మిషన్_బోర్డింగ్_78 | సోమవారం ఉదయం 7:02

ఒకడిది వదిలేసేవాణ్ణి. నాకు లెక్కలు చేసిపెట్టేవాడు.

పాతపుస్తకాలపిచ్చి | సోమవారం రాత్రి 9:25

నేనొక చిన్న ప్రశ్న వేస్తే ఇంత దూరం వచ్చింది. దారం మొత్తం మా అమ్మాయికి చదివి వినిపించాను. మధ్యలో లేచి వెళ్లిపోయింది. నీళ్ల బాటిల్ తెచ్చుకుని మళ్లీ వచ్చి కూర్చుంది. ఇప్పుడు నవల తనే చదువుతోంది, నాలుగో అధ్యాయంలో ఉంది.

నర్సమ్మగారూ, మీకో ప్రశ్నట. ఆదివారం చర్చి ఆ బడికి దూరమా అని అడగమంది. ఒంగోలు అక్కకి ఇంకో ప్రశ్న. కంఠస్థ వాక్యం తప్పితే అన్నం లేదన్నారు కదా, ఆ అమ్మాయి మీకు వాక్యం అందించేదా అని.

లీడ్స్_నర్సు | సోమవారం రాత్రి 11:05

టన్‌స్టల్ అనే ఊరి చర్చికి నడిచి వెళ్లేవారు. రెండు మైళ్లకి పైనే, పొలాల మీదుగా. చలికాలం తడి కాళ్లతో. రెండు ఆరాధనల మధ్య తిరిగి రావడానికి టైం ఉండదు కాబట్టి వెంట తెచ్చుకున్న చల్లటి తిండి అక్కడే తినేవారు. చర్చి ముందు మంటపం మీద ఒక చిన్న గది ఉంది, అందులో తినేవారని చెప్తారు. చర్చి ఇప్పటికీ ఉంది, గది కూడా కింద నుంచి కనబడుతుంది. వచ్చే శనివారం నాకు ఆఫ్. వాన లేకపోతే ఫోటో తీసి పెడతాను. ఇక్కడ వాన లేకపోవడం అంటే మీకు తెలుసుగా.

ఒంగోలు_గోంగూర | మంగళవారం ఉదయం 5:40

పాపకి చెప్పండి, అందించేది. వార్డెన్ వెనక నిలబడి చేతులతో చూపించేది. "యెహోవా నా కాపరి" అంటే భుజాన కర్ర వేసుకున్నట్టు నడిచేది. "నాకు లేమి కలుగదు" దగ్గరికి వచ్చేసరికి ఖాళీ కంచం బోర్లించి, కింద ఏమైనా రాలుతుందేమోనని వంగి చూసేది. నవ్వు ఆపుకోలేక నేను చాలాసార్లు అక్కడే తప్పాను. అన్నం పోయేది. రాత్రి అది కొంగులో దాచి తెచ్చేది, సగం.